ఆ హీరో ఎందుకు మొహం మాడ్చుకున్నాడు?

టీవీలో అవార్డుల ఫంక్షన్ వచ్చిన వారం నాకు ఉత్తరాలు ఎక్కువ. ఈసారీ అంతే. కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట: నేను పద్నాలుగేళ్ళు ఎడిటింగ్ రూములో పనిచేశాను. అందులో ఏడేళ్ళు టీవీ కార్యక్రమాలే. కాబట్టి కింది జవాబుల్లో నా నేరాలు కూడా కొన్ని బయటపడతాయి.

ప్రశ్న: సార్, మొన్న టీవీలో ఫంక్షన్ చూశాం. మా హీరోకి ఉత్తమ నటుడు అవార్డు ప్రకటించగానే ముందు వరసలో ఉన్న ఇంకో హీరో మొహం మాడ్చుకున్నాడు. స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. ఇది కుళ్ళు కాదంటారా?

తమ్ముడూ, స్క్రీన్‌షాట్ చూశాను. ఆ తర్వాత కూర్చుని ఆ భాగమంతా మళ్ళీ వేసుకుని చూశాను. నాకు కనిపించింది కుళ్ళు కాదు, కట్.

మీ హీరో స్టేజి ఎక్కుతున్నప్పుడు హాలంతా నీలం లైట్లు. ఆ రెండో హీరో మొహం మీద మాత్రం పసుపు లైటు. ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అంతకుముందు షాట్‌లో అదే కుర్చీలో ఒక పెద్దాయన దర్జాగా కూర్చుని ఉన్నాడు. పది సెకన్లలో ఆయన లేచి ఎక్కడికి పోయినట్టు? ఆ షాట్ వేరే ఎప్పుడో తీసింది. మీ హీరో పేరు చదివినప్పుడు ఆయన మొహం ఎలా ఉందో ఆ షాట్‌ని బట్టి చెప్పలేం.

మన టీవీలో వచ్చే ఇలాంటి ఫంక్షన్లు చాలావరకు లైవ్ కావు. అయిదారు గంటలు నడిచినదాన్ని బోలెడు కెమెరాలతో తీసి, తీరిగ్గా రెండు మూడు గంటలకి కుదిస్తారు. అందులో ఒకటి రెండు కెమెరాలకి స్టేజితో సంబంధమే ఉండదు. ముందు వరసల్లో మొహాలు పట్టుకోవడమే వాటి పని. నవ్వు, ఆవలింత, కళ్ళు తుడుచుకోవడం, ఫోన్ చూసుకోవడం, ఏది దొరికితే అది. మా కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉండేది. దాని పేరే ‘మొహాలు’. తెరిస్తే లోపల ‘నవ్వు’, ‘సీరియస్’, ‘చప్పట్లు’, ‘ఏడుపు’ అని వేరువేరుగా సర్ది ఉండేవి. పోపులపెట్టె అనుకో. ఎక్కడ చప్పగా ఉంటే అక్కడ ఒక చిటికెడు.

చప్పట్లయితే ముందే తీసి పెట్టుకునేవాళ్ళం. ఫంక్షన్ ఇంకా మొదలవదు. సగం కుర్చీలు ఖాళీ. ఫ్లోర్ మేనేజర్ మైకు పట్టుకుని, ‘అందరూ ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, ఇప్పుడు నవ్వండి, ఇప్పుడు లేచి నిలబడి కొట్టండి’ అంటాడు. జనం పాపం అన్నీ చేస్తారు. ఆ నవ్వు రెండు వారాల తర్వాత ఎవరి జోకు కింద తేలుతుందో వాళ్ళకీ తెలియదు.

ఇక నా నేరం. ఒక ఏడాది, ఒక సీనియర్ నటుడు ఏసీ తగ్గించమని ఎవరికో సైగ చేస్తూ మొహం చిట్లించారు. నాలుగు సెకన్ల షాట్. నాకు తెగ నచ్చేసింది. తీసుకెళ్ళి ఆయనకి పోటీ అని జనం అనుకునే నటుడి ప్రసంగం మధ్యలో పెట్టాను. ప్రోమోలోనూ అదే వేశారు. వారం రోజులు ఇద్దరి అభిమానులూ ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకున్నారు. ప్రోగ్రాం ప్రొడ్యూసర్ వచ్చి నా భుజం తట్టాడు. అబద్ధం ఎందుకు, ఆరోజు నాకూ గర్వంగానే అనిపించింది.

ఈసారి చూసేటప్పుడు నీళ్ళ సీసా మీద కన్నెయ్యి. ప్రసంగం మొదట్లో సగానికి వచ్చిన సీసా చివర్లో నిండుగా కనిపించిందంటే, మధ్యలో మాలాంటివాడెవడో చెయ్యి పెట్టాడని అర్థం. అప్పుడు పక్కవాళ్ళ హీరోని తిట్టే ముందు ఒక్క క్షణం ఆగు.

ప్రశ్న: ఫంక్షన్‌కి రానన్న హీరోకి అవార్డు ఎగ్గొట్టి, వచ్చినవాళ్ళకి ఇస్తారని అంటుంటారు. అవార్డంటే ప్రతిభకా, హాజరుకా?

స్టార్ రాకపోతే షోకి విలువ పడిపోతుందని నిర్వాహకులు భయపడతారు. మీరు చెప్పిన గుసగుసలు పుట్టేది ఆ భయంలోంచే. ఆ భయం ఉత్తదేం కాదని 2021 ఆస్కార్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మామూలుగా ఉత్తమ చిత్రం అవార్డుతో ముగిస్తారు. ఆ ఏడు దాన్ని ముందుకి జరిపి, ఉత్తమ నటుడిని ఆఖరున పెట్టారు. అంతకుముందు ఏడాదే కన్నుమూసిన నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కి వస్తుందని అందరి లెక్క. కవరు విప్పితే ఆంథోనీ హాప్‌కిన్స్ పేరు. ఆయన హాల్లో లేరు, వేల్స్‌లో ఉన్నారు. ఆయన తరఫున అవార్డు తీసుకుంటున్నట్టు ఒక ముక్క చెప్పి షో ముగించేశారు. పెళ్ళికి అన్నీ సిద్ధం చేసుకున్నాక పెళ్ళికొడుకు బండి దిగకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

అయినా నాకు ఆ ముగింపు ఇష్టం. కవర్లో ఏముందో షో నడిపేవాళ్ళకే తెలియదని అంత బాగా రుజువు చేసిన రాత్రి ఇంకోటి లేదు.

ప్రశ్న: 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన రోజు తెల్లవారుజామునే లేచి చూశాం. అదే రోజు ఆస్కార్ గెలిచిన డాక్యుమెంటరీ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ నిర్మాత మాట్లాడబోతుంటే మ్యూజిక్ వేసేశారు. అంతదూరం వెళ్ళినవాళ్ళని మాట్లాడనివ్వకపోవడం న్యాయమేనా అండీ?

న్యాయం కాదమ్మా. గెలిచినవాళ్ళకి అక్కడ పెట్టుకున్న గడువు 45 సెకన్లు. అవార్డు ఇద్దరిదైనా అంతే. దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్ మాట్లాడారు. నిర్మాత గునీత్ మోంగా నోరు తెరిచేలోపే సంగీతం లేచింది. ఆ బాధ ఆవిడ తర్వాత బయటికే చెప్పుకున్నారు. మన కీరవాణి గారు తన ప్రసంగంలో చాలా భాగం పాటగానే పాడేశారు. పాడుతున్న మనిషి మీదకి మ్యూజిక్ వదలడం ఎవరికైనా ఇబ్బందే కదా! చంద్రబోస్ గారికి మిగిలింది ఒక్క ‘నమస్తే’.

ఈ గడువు అందరికీ ఒకేలా ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు. 2025లో ఉత్తమ నటుడు ఏడ్రియన్ బ్రోడీ అయిదున్నర నిమిషాలు దాటి మాట్లాడారు. మధ్యలో మ్యూజిక్ మొదలైతే ఆపేయమన్నారు, ఆపేశారు. డాక్యుమెంటరీ తీసినవాళ్ళు అలా అనగలరా?

ప్రశ్న: ఎడిటింగ్, సౌండ్, మేకప్ అవార్డులు ఎవరు చూస్తారు సార్? అవి తీసేస్తే షో గంటలో అయిపోతుంది.

ఈ ప్రశ్న ఒక ఎడిటర్నే అడిగారు చూడండి, మీ ధైర్యానికి జోహార్లు.

మీలాగే ఆలోచించినవాళ్ళు ఆస్కార్‌లోనే ఉన్నారు. 2019లో సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్‌తో కలిపి నాలుగు అవార్డులు ప్రకటనల విరామంలో ఇచ్చేస్తామన్నారు. పేరున్న దర్శకులూ కెమెరామెన్లూ గొడవ చేస్తే వెనక్కి తగ్గారు. 2022లో మళ్ళీ మొదలుపెట్టి, ఎడిటింగ్, సౌండ్, సంగీతం, మేకప్‌తో సహా ఎనిమిది అవార్డులు లైవ్‌కి ముందే ఇచ్చేసి, ఆ ముక్కలు కోసి మధ్యలో అతికించారు. షో ఏమన్నా పొట్టిదయిందా అంటే, మూడున్నర గంటలు దాటనే దాటింది. పైగా ఆ రాత్రి నుంచి జనానికి గుర్తున్నది స్టేజి మీద నటుడు విల్ స్మిత్ కొట్టిన ఒక చెంపదెబ్బ మాత్రమే. మరుసటి ఏడు బుద్ధిగా అన్నీ లైవ్‌లోనే ఇచ్చారు. లేకపోతే గునీత్ గారి మైకు మీద మ్యూజిక్ పడిన సంగతి కూడా మనకి కనిపించేది కాదు. కోసి పారేసేవాళ్ళు.

ఒక్క మంచి కబురు. 2027లో వచ్చే సినిమాల నుంచి ఫైట్లు కట్టేవాళ్ళకి, అంటే స్టంట్ డిజైన్‌కి, కొత్తగా ఆస్కార్ ఇస్తామని ప్రకటించారు. ఆ ప్రకటనతో పాటు పెట్టిన బొమ్మల్లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ కూడా ఉంది. అది కూడా ‘ఎవరు చూస్తారు’ కోవలోకే వస్తుందంటారా?

ప్రశ్న: ఓటేసేవాళ్ళు సినిమాలన్నీ నిజంగా చూస్తారా?

నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే ఆ విభాగంలో చివరి ఓటు వెయ్యాలని ఆస్కార్ వాళ్ళు 2025లో రూలు పెట్టారు. 97 సార్లు ఇచ్చేశాక పెట్టారు. మిగతాది మీరే ఊహించుకోండి.

ప్రశ్న: జాతీయ ఉత్తమ నటుడి అవార్డు తెలుగు హీరోకి రావడానికి 69వ సారి దాకా ఆగాల్సి వచ్చింది. ఇది మన పరిశ్రమ మీద చిన్నచూపు కాదా?

‘పుష్ప’కి అల్లు అర్జున్ తీసుకున్నప్పుడు నేనూ సంతోషించాను. అయితే ఆరోజు చానళ్ళన్నీ ‘తెలుగు నటనకి తొలి గుర్తింపు’ అన్నట్టు ఊదరగొడుతుంటే మాత్రం రిమోట్ విసిరెయ్యాలనిపించింది. తెలుగు సినిమాల్లో నటనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు అప్పటికే నాలుగుసార్లు వచ్చింది. ‘నిమజ్జనం’కి శారద, ‘దాసి’కి అర్చన, ‘కర్తవ్యం’కి విజయశాంతి, ‘మహానటి’కి కీర్తి సురేష్. నటన అంటే హీరోల సొత్తే అన్నట్టు మాట్లాడితే ఎలా?

ప్రశ్న: 2017 ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం ‘లా లా ల్యాండ్’ అని తప్పు పేరు చదివింది రేటింగ్ కోసమే అని మా ఫ్రెండ్ పందెం కాశాడు.

పందెం డబ్బులు వసూలు చేసుకోండి. స్టేజికి రెండు వైపులా రెండు సెట్ల కవర్లు ఉంటాయి. ఉత్తమ నటి కవరు ఒక వైపు నుంచి వెళ్ళింది. రెండో వైపున మిగిలిపోయిన దాని జోడు కవరుని తర్వాత ఉత్తమ చిత్రం ప్రకటించడానికి వచ్చిన నటుడు వారెన్ బీటీ చేతిలో పెట్టారు. కార్డు మీద ‘ఎమ్మా స్టోన్, లా లా ల్యాండ్’ అని ఉంది. ఆయన తికమకపడి పక్కనున్న ఫే డనవేకి చూపించారు, ఆవిడ సినిమా పేరు చదివేశారు. గెలిచింది ‘మూన్‌లైట్’. నాటకమాడేవాళ్ళయితే ఆ మొహాలు అంత అసహ్యంగా తెల్లబోవు. మొహాల ఫోల్డర్ సర్దినవాణ్ణి, ఆ మాత్రం నన్ను నమ్మండి.

ప్రశ్న: మీకెప్పుడైనా అవార్డు వచ్చిందా సార్?

నాకు రాలేదు. మా గురువుగారికి వచ్చింది, ఉత్తమ ఎడిటర్‌గా, ఒక టీవీ వాళ్ళ ఫంక్షన్‌లో. ఆ ఫంక్షన్‌ని టీవీకి కోసింది నేనే.

ఆయన స్టేజి మీద రెండు నిమిషాలు మాట్లాడారు. కత్తెరా జిగురూ పట్టుకుని ఫిల్మ్ అతికించిన రోజుల గురించి చెప్పారు. పక్క గదిలో నిద్రపోయిన అసిస్టెంట్ల పేర్లు వరసగా చదివారు. నా పేరు కూడా ఉంది. రఫ్ కట్‌లో, అంటే మొదటి కూర్పులో, అదంతా ఉంచాను. సాయంత్రానికి పైనుంచి మాట వచ్చింది, టెక్నికల్ అవార్డులన్నీ కలిపి నిమిషంన్నర దాటకూడదని. ఆ రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను. ఎక్కడ కోసినా ఎవరిదో ఒకరి పేరు పోతోంది. చివరికి పేర్లన్నీ తీసేశాను.

టెలికాస్ట్ అయిన రాత్రి ఆయనే ఫోన్ చేశారు.

“ఎంత ఉంచావురా?”

“పదకొండు సెకన్లు సార్.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మా ఇంట్లో కరెంటు పోయింది, చూళ్ళేదు. కట్ ఎక్కడ పెట్టావు?” అన్నారు.

“మీరు దణ్ణం పెట్టి, చేతులు కిందికి దించేశాక.”

“దించాక పెట్టావా, దించుతుండగానా?”

“దించుతుండగా సార్.”

“ఆఁ, అయితే సరే. దించాక పెడితే ఆ షాట్ చచ్చిపోయేది” అని ఫోన్ పెట్టేశారు.