బోర్డు తర్వాత పెట్టొచ్చు, ముందు మంచి పెద్దమనిషిని వెతకండి

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసింది. ఇప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి సొంతంగా సంస్థ పెడతానంటోంది. ట్యూషన్లు చెప్పడం కాదట, ప్రభుత్వ బడుల విషయంలో తల్లిదండ్రుల తరఫున అడగడమట. ఇది బతుకుదెరువు అవుతుందా? దారి చూపేవాళ్లు ఉంటారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: డబ్బు సంగతి ముందే చెప్పేస్తానండీ. మొదటి రెండేళ్లు జీతం మీద ఆశ పెట్టుకోవద్దు. నోటు పుస్తకాలు పంచుతామంటే దాతలు దొరుకుతారు, చట్టం ఎందుకు అమలు కావట్లేదని అడిగేవాళ్లకు చెక్కు రాసేవాళ్లు తక్కువ. ముగ్గురిలో ఒకరైనా ఉద్యోగంలో ఉండాలి. అందులో చిన్నతనమేం లేదు. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా గారు యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే ఎం.వి. ఫౌండేషన్ ద్వారా పనుల్లో మగ్గే పిల్లల్ని బడిబాట పట్టించారు. 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు.

ఇక దారి చూపేవాళ్లు. పేరున్నవాళ్ల చుట్టూ తిరగొద్దు. రిటైరైన హెడ్మాస్టరో మండల విద్యాధికారో ఒకరు, చిన్న సంస్థను పదేళ్లు నడిపి డబ్బులు అయిపోయిన రోజులు కూడా చూసినవాళ్లు ఇంకొకరు ఉంటే చాలు.

ఒకసారి ఒకమ్మాయి పన్నెండు పేజీల ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి దగ్గరికి పంపాను. ఆయన రిపోర్టు తెరవనే లేదు. "మీ ఊరి బడి కమిటీ మినిట్స్ పుస్తకం చూశావా అమ్మా?" అన్నారు. వెళ్లి చూసింది. నెలనెలా సంతకాలున్నాయి, అన్నీ ఒకే ఇంకుతో. ఒక తల్లిని అడిగితే "పొలం దగ్గరికి తెచ్చారు, పెట్టాను" అందట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. చేయాల్సిన పనేంటో ఆ పుస్తకంలోనే దొరికింది. మంచి గురువు చేసేది అంతే, సరైన చోటికి పంపిస్తారు. సలహా ఇస్తానని వచ్చి అధ్యక్షుడి కుర్చీ అడిగేవాళ్లకు మాత్రం దూరం నుంచే దండం పెట్టమనండి.

రిజిస్ట్రేషన్‌కు తొందర లేదు. సంస్థను సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు కావాలి, వీళ్లు ముగ్గురే. మిగతా నలుగురి స్థానాల్లో బాబాయిని, మేనమామను నింపేయకండి. ఏడాది పాటు ఒకే ఊళ్లో పనిచేస్తే ఆ నలుగురూ అక్కడే దొరుకుతారు, అందులో ఇద్దరు తల్లులైతే మరీ మంచిది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే, దానికి మొదలు రాత్రిపూట అక్షరాలు దిద్దుకున్న తరగతుల్లోనే. మీ జిల్లా సంగతే కదా, మీకు నేను చెప్పాలా!

ఒకవేళ సంస్థ నిలబడకపోయినా ఈ అనుభవం వృథా కాదు. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ లాంటి చోట ఎం.ఏ. ఎడ్యుకేషన్‌కు వెళ్లొచ్చు.

ఈలోగా మీ ఊరి బడిలో కమిటీ మీటింగ్ ఎప్పుడో కనుక్కుని, మీరూ అమ్మాయీ కలిసి వెళ్లండి. ఎంతమంది వచ్చారో, ఎవరు నోరు విప్పారో నాకు రాయండి.