వానకు తడిసిన వరి వెన్ను మీదే ఎందుకు మొలకెత్తుతుంది?

గింజలోని పిండాన్ని నిద్రపుచ్చే జన్యువుల పట్టు ఆ రకంలో బలహీనంగా ఉంటే, ముదిరిన వరి నాలుగు రోజులు తడిస్తే చాలు, వెన్ను మీదే మొలకెత్తుతుంది. గింజ ముదిరేటప్పుడు అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను మొలకను ఆపుతుంది. ఆ హార్మోను మాట పిండం చెవిన పడేలా చేసేవి కొన్ని జన్యువులు. మొక్కజొన్నలో వీపీ1 అనే జన్యువు చెడిపోతే వాన కూడా అక్కర్లేదు, కండె మీదే గింజలు మొలుస్తాయి.

శ్రీకాకుళం చేలలో తుపానుకు పనలు నానినప్పుడు గింజ మొదట్లో తెల్లని మొన పొడుచుకొస్తుంది. దాన్ని చాలామంది తెగులు అనుకుంటారు. కాదు, ఆ పిండం ఆరోగ్యంగానే ఉంది, తొందరపడింది అంతే. (నిద్ర మరీ ఎక్కువున్న రకమూ చిక్కే: కోసిన వెంటనే విత్తితే సరిగా మొలవదు.) తడిసిన పనలపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమనేది ఈ మొలకను అడ్డుకోవడానికే.