గుంటూరు హాస్టల్లో వీగన్ తిండి: నెలకు నాలుగు వేలలో ఎలా?

ప్రశ్న: గుంటూరులో బీటెక్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయిని. బ్రాడీపేటలో ప్రైవేటు హాస్టల్లో ఉంటాను. వయసు 19, బరువు 52 కిలోలు. ఆరు నెలల కిందట మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేశాను. హాస్టల్ ఫీజు నాన్న నేరుగా కట్టేస్తారు, నా చేతికి నెలకు రూ.4,000 పంపుతారు. బాదం పాలకు రూ.1,120, టోఫుకు రూ.540, ప్లాంట్ ప్రొటీన్ పౌడరుకు రూ.1,800, యాప్‌లో తెప్పించుకునే తిండికి రూ.1,400 అవుతున్నాయి. రీఛార్జి, ఆటోలు, జిరాక్సులు కలిపి ఇంకో రూ.900. మూడు నెలల్లో పే లేటర్ (ముందు కొని తర్వాత కట్టే) బాకీ రూ.5,400కి చేరింది. ఇంత ఖర్చు పెట్టినా నీరసం తగ్గట్లేదు, జుట్టు రాలుతోంది. తెనాలి దగ్గర మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. 'పెరుగు తినేదాకా డబ్బు పంపేది లేదు' అంటోంది అమ్మ. ఈ డబ్బుతో వీగన్‌గా ఉంటూ ఆరోగ్యం కాపాడుకోవడం కుదురుతుందా?

సమాధానం: కుదురుతుంది. తిండి మీద మీరిప్పుడు పెడుతున్న దాంట్లో సగం కూడా అక్కర్లేదు. అయితే బడ్జెట్ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈ నెల ప్రొటీన్ డబ్బా కొనకండి. ఆ రూ.1,800తో రక్తపరీక్ష చేయించుకోండి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) - ఈ అయిదూ చాలు. ఎనభై పరీక్షల 'ఫుల్ బాడీ' ప్యాకేజీ అంటగట్టబోతే వద్దనండి. రెండు మూడు ల్యాబుల్లో ఈ అయిదింటికి ఎంతవుతుందో అడిగి తక్కువ చెప్పినచోట ఇవ్వండి. బీ12 బిళ్లలు మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వాలి. నాలుగు బిళ్లలు వేసుకుని వెళితే రిపోర్టులో అంకె పెరిగి, అసలు లోటు కనపడదు.

మీ నీరసానికి, జుట్టు రాలడానికి మొదట అనుమానించాల్సింది ఐరన్‌ని. మన దేశంలో మీ వయసు ఆడపిల్లలకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. మాంసం తినేవాళ్లకే అది చాలక రక్తహీనత వస్తుంటుంది. థైరాయిడ్ తేడా ఉన్నా ఇవే లక్షణాలు. రిపోర్టు పట్టుకుని డాక్టర్ని కలిశాకే ఐరన్ బిళ్ల మొదలుపెట్టండి. సాధారణ ఆరోగ్య బీమా ఇలాంటి బయటి పరీక్షలకు డబ్బివ్వదు. అందుకే ఏడాదికోసారి పరీక్ష కోసం నెలకు రూ.125 పక్కన పెట్టమంటున్నాను.

ఇక ప్రొటీన్ సంగతి. మీ డబ్బు ఎక్కువగా పోతున్నది ఇక్కడే. కిలో బరువుకు 0.83 గ్రాములన్నది ఐసీఎంఆర్ కొలత, అంటే మీకు 43 గ్రాములు. గింజలు, పప్పుల ప్రొటీన్ పాలు, గుడ్ల ప్రొటీన్ అంత పూర్తిగా అరగదు కాబట్టి 52 గ్రాములు లక్ష్యంగా పెట్టుకుందాం. హాస్టల్ తిండిలో రెండు పూటలా అన్నానికి 200 గ్రాముల బియ్యం పడుతుందనుకుంటే 16 గ్రాములు, టిఫినులో ఆరేడు, నీళ్లలా ఉండే ఆ పప్పులో అయిదారు, కూరల్లో రెండు. అన్నీ కలిపితే 30. ఇంకా 22 గ్రాములు కావాలి.

ఆ 22 గ్రాములు ఎక్కడ కొంటే ఎంతవుతుందో చూడండి. ధరలు నేను లెక్క కోసం పెట్టుకున్నవి, మీ బజారులో కాస్త అటూ ఇటూ ఉంటాయి. కిలో రూ.140 పెట్టి విడి మీల్‌మేకర్ (సోయా ముక్కలు) కొంటే పది గ్రాముల ప్రొటీన్ మూడు రూపాయల లోపే వస్తుంది. పుట్నాల పప్పు, కందిపప్పు, వేరుశెనగ గుళ్లలో అయిదారు రూపాయలు. మీ పౌడర్లో దాదాపు రూ.24. టోఫులో రూ.35 దాటుతుంది. బాదం పాలలో గ్లాసుకు ఒక గ్రాము ప్రొటీన్ ఉంటే గొప్ప. మిగతాదంతా నీళ్లు. లీటరు రూ.280 పెట్టి కొని, పాల బదులు తాగుతున్నాను కదా అని ధీమాగా ఉండటంలోనే మీ లెక్క తప్పింది. కాఫీలోకి ఓ చెంచా కావాలంటే సరే గానీ, దాన్ని తిండి కింద లెక్కవేయకండి.

రోజుకు 30 గ్రాముల మీల్‌మేకర్, 20 గ్రాముల వేరుశెనగ గుళ్లు, 20 గ్రాముల పుట్నాలు తింటే మీ లోటు పూడుతుంది. ఖర్చు పది రూపాయలు. మీల్‌మేకర్ 30 గ్రాములంటే సుమారుగా ఓ పెద్ద గుప్పెడు. హాస్టల్లో పొయ్యి ఉండదు, కెటిల్ ఉంటుంది. మీల్‌మేకర్‌ని కెటిల్లో వేసి మాత్రం ఉడికించకండి. నురగ పొంగి బయటికి వస్తుంది, అడుగు మాడుతుంది, ఆ వాసనకి వార్డెన్ కెటిల్ పట్టుకుపోతారు. నీళ్లు మరగనిచ్చి స్టీలు డబ్బాలో పోసి, చిటికెడు ఉప్పు, మీల్‌మేకర్ వేసి పది నిమిషాలు మూతపెట్టండి. తర్వాత గట్టిగా పిండి, చన్నీళ్లలో కడిగి మళ్లీ పిండండి. చాలామంది రెండోసారి పిండరు, పచ్చి వాసన పోక రెండు రోజుల్లోనే విసిగి మానేస్తారు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, కారం, నిమ్మకాయ కలిపితే అన్నంలోకి బాగుంటుంది. హాస్టల్ సాంబారులో వేసుకున్నా సరే.

ఒకే రుచి మొహం మొత్తితే పెసలు మొలకెత్తించుకోండి. ఎనిమిది గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంపేసి, పలుచటి గుడ్డలో కట్టండి. మన ఎండాకాలంలో పన్నెండు, పదిహేను గంటలకే మొలక వస్తుంది. మధ్యలో రెండుసార్లు కడగకపోతే జిగురొచ్చి పుల్లటి వాసన వేస్తుంది, అలాంటివి పారేయాల్సిందే. బాగున్నవైనా మరిగే నీళ్లు పోసి, అయిదు నిమిషాలుంచి తినండి. మొలకకు కావాల్సిన తడీ వెచ్చదనమే క్రిములకూ కావాలి.

సరుకులు నెలకోసారి పట్నం బజారు కిరాణా కొట్లలో కొంటే ప్యాకెట్ల కన్నా చవక. వేరుశెనగ గుళ్లు మాత్రం పదిహేను రోజులకు సరిపడానే తీసుకోండి. వానాకాలంలో చెమ్మకు బూజు పడుతుంది. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, చేదుగా తగిలినవి తీసి పారేయండి, అందులో ఉండే విషం కాలేయానికి చేటు. పళ్లు, నిమ్మకాయలు, ఆకుకూరలు చుట్టుగుంట రైతుబజారులో తీసుకోండి. ధరల బోర్డు ఉంటుంది కాబట్టి బేరంతో పనిలేదు. భోజనంతో పాటు నిమ్మరసమో, తిన్నాక ఒక జామకాయో ఉంటే పప్పులో, ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తినగానే టీ, కాఫీ తాగితే ఆ లాభం చాలావరకు పోతుంది. పాలు కలపని టీ అయినా అంతే. గంట ఆగి తాగండి.

బీ12 దగ్గర మాత్రం రాజీ లేదు. మొక్కల్లో అది నమ్ముకునేంతగా ఎక్కడా దొరకదు. చద్దన్నంలో ఉంది, స్పిరులినా అనే నాచు పొడిలో ఉంది అని చెప్పేవాళ్లుంటారు. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా బీ12ను పోలిన పదార్థమే, మన ఒంటికి పనికిరాదు. బీ12 లోటు ఏళ్ల తరబడి లోలోపల పెరిగి, అరికాళ్ల తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపుగా బయటపడుతుంది. నరాలు దెబ్బతింటే ఒక్కోసారి పూర్తిగా కోలుకోవు. రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాముల చిల్లర. మరి దుకాణంలో బిళ్ల 500, 1500 మైక్రోగ్రాముల్లో ఎందుకుంటుందంటే, పేగు ఒక్కసారికి సరిగా పీల్చుకోగలిగేది రెండు మైక్రోగ్రాముల దాకానే. ఆపై దాంట్లో నూటికి ఒక వంతే ఒంటికి చేరుతుంది. 1500లో అది పదిహేను. రిపోర్టు చూసి రోజూ వేసుకోవాలా, రోజు విడిచి రోజా అన్నది డాక్టరు చెబుతారు.

బీ12 బిళ్లలో ఉండే మందు పేరు మిథైల్‌కోబాలమిన్. కొనేటప్పుడు చీటీ మీద 'మిథైల్‌కోబాలమిన్ మాత్రమే, బిళ్ల' అని రాసుకెళ్లండి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ కలిపిన నరాల నొప్పి మందులు కూడా దాదాపు ఇదే పేరుతో అమ్ముతారు. పొరపాటున అవి వేసుకుంటే క్లాసులో కళ్లు మూతలు పడతాయి. మెత్తటి క్యాప్సూళ్ల తొడుగు సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్, మీకది సమ్మతం కాదు. జనఔషధి కేంద్రంలో కొంటే పేరున్న బ్రాండు కన్నా బాగా తగ్గుతుంది.

కాల్షియం రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి. పెరుగు మానేసినవాళ్లకు అసలు కష్టం ఇక్కడే. మీ అమ్మగారి భయంలో ఈ ముక్క నిజం. 20 గ్రాముల నువ్వుల్లో 250 దాకా ఉంటుంది, కానీ గింజ నలగకపోతే అలాగే బయటికి పోతుంది. బెల్లంతో దంచిన చిమ్మిలి గానీ, నువ్వుల పొడి గానీ మేలు. 40 గ్రాముల రాగిపిండి జావలో 145 దాకా వస్తుంది. పొద్దున్నే రోడ్డు పక్కన గ్లాసు రూ.20కి అమ్ముతారు కానీ చాలాచోట్ల మజ్జిగ ముందే కలిపేస్తారు. కలపకముందు మీ గ్లాసు విడిగా పోయమనండి. తోటకూర, గోంగూరలో కాల్షియం ఉన్నా వాటిలోని ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. మునగాకు నయం. ఇన్ని తిన్నా ఆరేడు వందల దగ్గరే ఆగుతుంది కాబట్టి రోజుకో కాల్షియం బిళ్ల వేసుకోవడం గురించి డాక్టర్ని అడగండి. భోజనంతో వేసుకోవాలి, ఐరన్ బిళ్లకు దీనికి రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం బిళ్లలో కలిపే విటమిన్ డీ3 సాధారణంగా గొర్రె ఉన్ని నుంచి తీస్తారు. అది తెలిసి నిర్ణయం మీరే తీసుకోండి. ఉప్పు అయోడిన్ ఉన్నదే వాడండి, సైంధవ లవణం వద్దు.

ఇప్పుడు లెక్క. మీల్‌మేకర్ కిలో రూ.140, గుళ్లు రూ.90, పుట్నాలు రూ.72, నువ్వులు రూ.120, బెల్లం రూ.35, అవిసె గింజలు రూ.42 కలిపితే దాదాపు రూ.500. అవిసె గింజలు ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసం, రోజుకు రెండు చెంచాల పొడి. పొడి వారానికి సరిపడానే కొట్టుకోవాలి, నిల్వ ఉంటే నూనె కంపు వస్తుంది. నెలలో సగం రోజులు రాగి జావకు రూ.300, పళ్లు, నిమ్మకాయలకు రూ.450, బిళ్లలకు రూ.175, పరీక్షల నిధికి రూ.125. స్నేహితులతో బయట తినడానికి రూ.400 ఉంచుకోండి. దాన్ని కోసేస్తే ఏ పద్ధతీ రెండు నెలలు నిలవదు. ఇడ్లీ, అల్లం పచ్చడి, నెయ్యి లేని కారప్పొడి దోసె ఏ హోటల్లోనైనా దొరుకుతాయి. మొత్తం రూ.1,950. మీ రూ.900 కలిపితే రూ.2,850. నెలకు రూ.1,150 మిగులుతుంది.

ఆ మిగులు ముందుగా బాకీకే. పే లేటర్ వాళ్లు నెలకు 3 శాతం వేస్తారనుకుంటే వడ్డీయే రూ.162, ఆలస్య రుసుము వేరు. మీ యాప్‌లో అసలు రేటెంతో చూడండి. ఇలాంటి బాకీలు కూడా మీ క్రెడిట్ రికార్డులోకి ఎక్కుతాయి. రేపు ఎంటెక్‌కో విదేశీ చదువుకో విద్యారుణం అడిగితే బ్యాంకు అదే చూస్తుంది. కాబట్టి నాన్నగారితో దాచకుండా చెప్పి రూ.5,400 ఒక్కసారే కట్టించి, యాప్‌లో ఆ సదుపాయాన్ని మూసేయండి. నాలుగు నెలలు రూ.2,850 మాత్రమే పంపమనండి, అయిదో నెల రూ.800 తగ్గించి పంపమనండి. ఆయన డబ్బు ఆయనకు చేరిపోతుంది. ఆరో నెల నుంచి రూ.500తో బ్యాంకులో ఏడాది ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి.

హాస్టల్ వాళ్లు గుడ్డు, పెరుగు మానేశారని ఫీజు తగ్గించరు. వాటి బదులు రోజూ ఇంకో గరిటె ముద్దపప్పు వేయమని అడగండి. నలుగురైదుగురు కలిసి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

అమ్మగారికి పరీక్ష రిపోర్టు, ఈ లెక్క కాగితం రెండూ చూపించండి. ఆవిడ సాయం లేకుండా ఇది సాఫీగా నడవదు. ఈ ఆదివారం ఇంటికెళ్లినప్పుడు కందిపొడి, పుట్నాల పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి కొట్టించుకు రండి. కందిపొడి నాలుగు చెంచాలు వేసుకుంటే నాలుగైదు గ్రాముల ప్రొటీన్ అన్నంలో కలిసినట్టే. నెయ్యికి బదులు గానుగ నువ్వుల నూనె ఓ చిన్న సీసాడు పోయించుకోండి. పొడులు పూర్తిగా చల్లారాకే సీసాల్లోకి ఎత్తమనండి, తడి చెంచా పెట్టకండి. నువ్వుల పొడి, అవిసె పొడి చిన్న సీసాల్లో విడిగా పెట్టుకుని ముందు వాటినే వాడండి, త్వరగా పాడయ్యేవి అవే.