పక్క స్థలంలో సెల్లార్ తవ్వకం: ఇల్లు దెబ్బతినేదాకా ఆగాలా?

ప్రశ్న: మా ఇల్లు కట్టి 26 ఏళ్లయింది. పక్క స్థలంలో మూడు సెల్లార్ల కోసం 12 మీటర్ల లోతు తవ్వుతున్నారు. మా వంటగది గోడకు సన్నటి పగులు వచ్చింది. బిల్డర్‌ను అడిగితే, "కంప్యూటర్‌లో లెక్క వేయించాం, రిటైనింగ్ వాల్ (చుట్టూ మట్టి జారకుండా ఆపే గోడ) 20 మిల్లీమీటర్లకు మించి కదలదు" అంటున్నారు. ఇల్లు బాగా దెబ్బతింటే గానీ కేసు వేయలేమా?

జవాబు: నష్టపరిహారానికైతే అంతే. పక్కవాళ్లు మీ నేలకు ఆసరాగా ఉన్న మట్టిని తీసేసినంత మాత్రాన పరిహారం రాదు, చెప్పుకోదగ్గ నష్టం జరగాలని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. ఇంజంక్షన్‌కు, అంటే పని ఆపమనే కోర్టు ఉత్తర్వుకు మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. తవ్వకం సాగితే మీ హక్కుకు భంగం తప్పదని చూపగలిగితే 35వ సెక్షన్ కింద ముందే అడగవచ్చు. ఖాళీ నేలకు ఆసరా సహజ హక్కు. దాని మీది ఇంటికైతే 20 ఏళ్లు అడ్డు లేకుండా ఆసరా అంది ఉండాలి. మీరు ఆ గడువు దాటేశారు.

"భంగం తప్పదు" అని చూపడమే కష్టం. అక్కడ ఆ 20 మిల్లీమీటర్ల మాటే మీకు పనికొస్తుంది. మట్టి గట్టితనం, నీటిమట్టం, ఏ దశలో స్ట్రట్లు (గోడ లోపలికి ఒరగకుండా అడ్డంగా పెట్టే దూలాలు) బిగిస్తారన్నది అనుకుని వేసిన అంచనా అది. 2004లో సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన సుమారు 30 మీటర్ల లోతు మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. మెత్తటి బంకమట్టికి నప్పని పద్ధతిలో లెక్క వేయడంతో గోడ వంపు తక్కువగా తేలింది. రీడింగులు హద్దు దాటితే పని ఆపాల్సింది పోయి, లెక్క సవరించి హద్దునే పెంచుకుంటూ పోయారు.

అందుకే లీగల్ నోటీసులో సాయిల్ రిపోర్టు, గోడ డిజైన్‌తో పాటు ఇన్‌క్లినోమీటర్ రీడింగులు అడగండి. గోడలో నిలువుగా దింపిన గొట్టం ఏ లోతులో ఎంత వంగిందో అవి చెబుతాయి. 8 మీటర్లు తవ్వేసరికే 18 మిల్లీమీటర్లు కదిలిందనుకోండి, వాళ్ల లెక్కే మీకు సాక్ష్యం. ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించవచ్చు. మోటార్లతో నీళ్లు తోడుతున్నారేమో కూడా అడగండి. గోడ కదలకపోయినా నీటిమట్టం పడిపోతే మెత్తటి నేల కుంగుతుంది.

ఈలోగా ఆ పగులుకు పుట్టీ పెట్టించకండి. దానికి అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించి తేదీ రాయండి. పగులు పెరిగితే గాజు విరుగుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో ఇంటి పరిస్థితి రిపోర్టు రాయించండి, పాత పగుళ్లతో సహా. పాతవి దాచారని క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలితే కొత్తవాటినీ ఎవరూ నమ్మరు. కేసుతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు తరఫున స్థలం చూసి రిపోర్టు ఇచ్చే లాయర్) కోసం పిటిషన్ వేయండి. సెల్లార్ గోడలు లేచాక ఆయనకు చూడటానికి ఏమీ మిగలదు.

అన్నట్టు, "పని మొత్తం ఆపండి" అని మాత్రం అడగకండి. సగం తవ్విన గొయ్యి వానాకాలమంతా అలాగే ఉంటే ముందు కుంగేది మీ ఇల్లే. తవ్వకం ఆగాలి, స్ట్రట్లు బిగించే పని, గోడను కాపాడే పని సాగాలి. పిటిషన్‌లో ఆ రెండూ విడివిడిగా రాయించండి.