సూర్యునికా, సూర్యుని నుండా?

సందేహం: మా అబ్బాయి బడిలో ఇచ్చిన వ్యాసంలో “వలయాలున్న శనిగ్రహం సూర్యునికి 143 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది” అని వ్రాశాడు. ‘సూర్యునికి’ తప్పనీ, ‘సూర్యుని నుండి’ అనాలనీ దిద్దారు. ఏది సరైనది? ‘శనీశ్వరుడు’ అన్న పేరుకూ ఆ దూరానికీ సంబంధం ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ‘సూర్యునికి’ తప్పు కాదు. పైగా ఆ వాక్యంలో అదే తెలుగు నుడికారానికి మరింత దగ్గరగా ఉన్నదని నా అభిప్రాయం. ఒక వస్తువు ఎక్కడ ఉన్నదో చెప్పేటప్పుడు దూరం, దగ్గర, ఎడం, తూర్పు, పడమర వంటి మాటల ముందు మనం కి, కు ప్రత్యయాలనే వాడతాం. ‘విశాఖకు భీమిలి ఎంత దూరం?’ అని అడుగుతాం. ‘సింహాచలం మా యింటికి దగ్గరే’ అని చెబుతాం. ‘బుధుడు సూర్యునికి దగ్గర’ అంటామే తప్ప ‘సూర్యుని నుండి దగ్గర’ అని ఎవరూ అనరు. దగ్గరకు చెల్లిన ప్రత్యయం దూరానికి చెల్లదనడానికి ఆధారం లేదు.

వ్యాకరణ శాస్త్రం కూడా దీనికి అడ్డు చెప్పదు. దూరం, దగ్గర అనే అర్థాలున్న పదాలతో షష్ఠీ విభక్తి రావచ్చుననీ, అది రాకుంటే పంచమి (‘నుండి’ అనే అర్థమిచ్చే విభక్తి) వస్తుందనీ పాణిని ‘దూరాంతికార్థైః షష్ఠ్యన్యతరస్యామ్’ అనే సూత్రంలో చెప్పాడు. అది సంస్కృతానికి చెప్పిన నియమమే అయినా, చిన్నయసూరి వ్రాసిన మన తెలుగు వ్యాకరణం ‘బాలవ్యాకరణం’ కిన్, కున్ లను షష్ఠీ ప్రత్యయాల్లోనే చేర్చింది కనుక, దిద్దినవారు పంచమి ఒక్కటే శరణ్యమని భావించనక్కరలేదు.

ఇక ‘నుండి’ సంగతి. చిన్నయసూరి పంచమికి చెప్పిన వలనన్, కంటెన్, పట్టి అనే వరుసలో అది లేనే లేదు. ‘ఉండు’ ధాతువు క్త్వార్థక రూపమైన (‘చేసి’, ‘వెళ్లి’ వంటి అసమాపక రూపమైన) ‘ఉండి’తో ఏర్పడిన మాట అది, ఒకచోట ఉండి, అక్కడ బయలుదేరడం అనే భావం అందులో ఇమిడి ఉంది. అందుచేత చలనం ఉన్నచోట అది తప్పనిసరి. ‘సూర్యుని నుండి బయలుదేరిన వెలుగు భూమిని ఎనిమిది నిమిషాల పైచిలుకు కాలంలో చేరితే, శనిని చేరడానికి దాదాపు 80 నిమిషాలు పడుతుంది’ అన్న వాక్యంలో ‘సూర్యునికి’ అని మారిస్తే అర్థమే తలకిందులవుతుంది. కొలత ఎక్కడ మొదలైనదో సూచించదలచినప్పుడు ‘సూర్యుని నుండి 143 కోట్ల కిలోమీటర్లు’ అన్నా దోషం లేదు. రెండూ సరైన ప్రయోగాలే, ఒకటి వ్రాసిన పిల్లవానికి రెండోది చెప్పి దిద్దడమే సరికాదు.

ఆ వాక్యంలో నిజంగా దిద్దవలసినది ‘ఉంది’ అనే క్రియ. శని కక్ష్య సరైన వృత్తం కాదు. ఆ గ్రహం సూర్యునికి ఒకప్పుడు సుమారు 135 కోట్ల కిలోమీటర్ల దాకా దగ్గరవుతుంది, మరొకప్పుడు సుమారు 151 కోట్ల కిలోమీటర్ల దాకా దూరమవుతుంది. ‘ఉంది’ అంటే ఈ క్షణాన అని అర్థం వస్తుంది కనుక, ‘సగటున 143 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది’ అని వ్రాయాలి. ‘సగటున’ అన్న ఒక్క మాట చేరిస్తే భాషా, విషయమూ రెండూ నిలుస్తాయి.

పేరు విషయానికి వస్తే, ప్రాచీన రూపం ‘శనైశ్చరుడు’. శనైః అంటే మెల్లగా, చరుడు అంటే తిరిగేవాడు. ‘మందుడు’ అన్న పర్యాయపదానిదీ అదే భావం. ‘శనైశ్చరుడు’ అన్న మాటకు దగ్గరి ఉచ్చారణ వల్లనూ, దైవభావం వల్లనూ ‘శనీశ్వరుడు’ వాడుకలో స్థిరపడింది. పూజలో ఆ పేరును కాదనవలసిన పని లేదు కాని, వ్యుత్పత్తి అడిగినవారికి శనైశ్చర శబ్దాన్నే చెప్పాలి. దూరంతో సంబంధం కూడా ఇందులోనే ఉంది. సూర్యునికి ఎంత ఎడంగా ఉంటే గ్రహం అంత నెమ్మదిగా కదులుతుంది. భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు సాగితే శని 10 కిలోమీటర్ల లోపే సాగుతుంది; చుట్టవలసిన దారి కూడా పెద్దది కనుక ఒక ప్రదక్షిణకు దాదాపు 29న్నర సంవత్సరాలు పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే రాశికి సుమారు రెండున్నరేళ్లు వస్తాయి. మూడు రాశులకు లెక్కించే ఏలినాటి శని ఏడున్నరేళ్లు కావడం ఇందువల్లనే. పేరు పెట్టిన పూర్వులు కంటికి కనిపించిన నడకనే చూశారు. ఆ నడకకు కారణమైన దూరం తరువాతి కాలంలో లెక్కకు అందింది.