పాత డెస్క్‌టాప్‌కి ఏ ర్యామ్ నప్పుతుంది?

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌లో ఇంటెల్ జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను ర్యామ్‌తో, మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) ఉన్న బోర్డు, కోర్ 2 డుయో ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఉన్నాయి. దాన్ని తీసి కొత్త 4 జీబీ డీడీఆర్3 1600 ర్యామ్ పెడితే ఫ్యాన్ తిరుగుతోంది కానీ డిస్‌ప్లే రావడం లేదు. అదే ర్యామ్ వేరే కంప్యూటర్‌లో చక్కగా పనిచేస్తోంది. పాతది తిరిగి పెడితే మా సిస్టమ్ కూడా మామూలుగా ఆన్ అవుతోంది. లోపం ఎక్కడ?

జవాబు: ర్యామ్ మంచిదే, బోర్డూ మంచిదే. ఆ రెండింటికీ జత కుదరలేదు. కొత్త ర్యామ్‌ను చేతిలోకి తీసుకుని దాని మీద నల్లటి చిప్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకవైపు 8 ఉండి, రెండోవైపు ఖాళీగా ఉంటే సమస్య అదే.

4 జీబీ అంటే 32 గిగాబిట్లు. వాటిని 8 చిప్‌లలో సర్దాలంటే ఒక్కో చిప్ 4 గిగాబిట్లది కావాలి. 16 చిప్‌లలో సర్దితే ఒక్కోటి 2 గిగాబిట్లది చాలు. చిప్ లోపల డేటా అడ్డు వరుసలుగా, నిలువు వరుసలుగా ఉంటుంది. ఈ రకం డీడీఆర్3 ర్యామ్‌లో 2 గిగాబిట్ల చిప్‌కి ఏ అడ్డు వరుస కావాలో చెప్పడానికి 15 అడ్రస్ లైన్లు సరిపోతాయి, 4 గిగాబిట్ల చిప్‌కి 16 కావాలి. జీ41లో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్‌ను 2 గిగాబిట్ల చిప్‌ల వరకే తయారుచేశారు. ఆ పదహారో లైను దాని లెక్కలో లేదు. అందుకే కొన్ని బోర్డులు అసలు ఆన్ కావు, కొన్ని ఆన్ అయినా 4 జీబీని 2 జీబీగా చూపిస్తాయి. ఇది చిప్‌సెట్ హార్డ్‌వేర్‌కి ఉన్న హద్దు కాబట్టి బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి సమయం వృథా చేసుకోకండి.

మీకు కావలసింది రెండువైపులా ఎనిమిదేసి, మొత్తం 16 చిప్‌లున్న 4 జీబీ ర్యామ్. దాని స్టిక్కర్ మీద ‘4జీబీ 2ఆర్×8 పీసీ3-10600యూ’ తరహాలో రాసి ఉంటుంది. 2ఆర్ అంటే రెండు ర్యాంకులు, అంటే చిప్‌ల బృందాలు రెండు. మీరు కొన్నదాని మీద బహుశా ‘1ఆర్×8’ అని ఉంటుంది, చూడండి. 2ఆర్×8 అన్న మాట ఒక్కటే చూసి మాత్రం కొనకండి. 8 జీబీ ర్యామ్ మీద కూడా అదే రాసి ఉంటుంది, కానీ అందులోవి 4 గిగాబిట్ల చిప్‌లు. 4 జీబీ, 2ఆర్×8 రెండూ కలిసి ఉండాలి. హీట్‌సింక్ రేకు తొడిగినవాటిలో చిప్‌లు కనిపించవు కాబట్టి ఈ బోర్డుకి అవి వద్దు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవారిని రెండువైపుల ఫొటోలూ అడగండి.

వేగం (1333, 1600 లాంటి అంకెలు) గురించి ఆలోచించాల్సిన పని లేదు. ఇంటెల్ లెక్క ప్రకారం జీ41 డీడీఆర్3ని 1066 వరకే నడుపుతుంది, 1333 పెట్టినా ఆ వేగానికి దిగి పనిచేస్తుంది. మొత్తం పరిమితి 8 జీబీ, అంటే ఇలాంటివి రెండు.

ప్రశ్న: డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే కదా, ఒకదాని బదులు మరొకటి పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదు. డీడీఆర్2 1.8 వోల్టుల మీద, డీడీఆర్3 1.5 వోల్టుల మీద నడుస్తాయి. సిగ్నళ్ల అమరిక కూడా వేరు. పొరపాటు జరగకూడదనే పిన్నుల మధ్య గాడిని వేర్వేరు చోట్ల పెట్టారు. ర్యామ్‌ను స్లాట్ మీద నిలబెట్టినప్పుడు గాడి, స్లాట్‌లోని గట్టు ఎదురెదురుగా రాకపోతే అక్కడితో ఆగిపోండి. గట్టిగా నొక్కితే విరిగేది స్లాటే. కొన్ని బోర్డులకు రెండు రకాల స్లాట్లూ ఉంటాయి, వాటిలో కూడా ఒకసారి ఒక రకమే వాడాలి.

ప్రశ్న: క్యాబినెట్ విప్పకుండా ఇప్పుడున్న ర్యామ్ వివరాలు తెలుస్తాయా? సీపీయూ-జెడ్‌లో (కంప్యూటర్ భాగాల వివరాలు చూపే ప్రోగ్రామ్) చూస్తే 665 అని కనిపిస్తోంది. అలాంటి ర్యామ్ ఎక్కడా దొరకడం లేదు.

జవాబు: మీ ర్యామ్ 1333 వేగంతో నడుస్తోంది. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది. సీపీయూ-జెడ్ అసలు క్లాక్‌ను చూపిస్తుంది కాబట్టి ఆ అంకెను రెట్టింపు చేసుకోవాలి. పీసీ3 పక్కన ఉండే అంకె సెకనుకు ఎన్ని మెగాబైట్లో చెబుతుంది. ర్యామ్ ఒక్కోసారి 8 బైట్లు పంపుతుంది కాబట్టి 1600ని 8తో గుణిస్తే 12800, అందుకే 1600 ర్యామ్‌కి పీసీ3-12800 అని పేరు. 1333కి పీసీ3-10600, డీడీఆర్2 800కి పీసీ2-6400.

అదే ప్రోగ్రామ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ తెరిచి బోర్డు మోడల్, చిప్‌సెట్ రాసుకోండి. ఎస్పీడీ ట్యాబ్‌లో ఏ స్లాట్‌లో ఎంత ర్యామ్ ఉందో కనిపిస్తుంది. ఆ మోడల్ నంబరుతో బోర్డు కంపెనీ సైట్‌లో మాన్యువల్ వెతికితే ఒక్కో స్లాట్‌కి ఎంత వరకు పెట్టవచ్చో ఉంటుంది. కొనే ముందు చేయాల్సిన పనుల్లో నా దృష్టిలో ఇదే ముఖ్యం.

ప్రశ్న: హెచ్61 (మరో ఇంటెల్ చిప్‌సెట్) బోర్డులో 4 జీబీ 1333 ఉంది. పక్కన 8 జీబీ 1600 పెడితే పనిచేస్తుందా? పీసీ3ఎల్ అని ఉన్నది కొనవచ్చా?

జవాబు: పనిచేస్తుంది. రెండూ 1333 దగ్గరే నడుస్తాయి. రెండు ర్యామ్‌లలోనూ నాలుగేసి జీబీ వరకు డ్యూయల్ ఛానల్‌గా (రెండు దారుల్లో ఒకేసారి డేటా పంపుతూ), మిగిలిన 4 జీబీ సింగిల్ ఛానల్‌గా పనిచేస్తాయి. మామూలు పనుల్లో ఈ తేడా తెలియదు. విడి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మాత్రం రెండూ సమానంగా ఉండటం మంచిది, ఎందుకంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. పీసీ3ఎల్ ర్యామ్‌లు 1.35 వోల్టులకు చేసినవైనా 1.5 దగ్గర కూడా నడుస్తాయి, నిశ్చింతగా తీసుకోండి.

ఇక్కడ మరో రెండు రకాల గురించి హెచ్చరించాలి. స్టిక్కర్ మీద అంకె చివర ‘ఆర్’ ఉంటే (12800ఆర్) అది సర్వర్ ర్యామ్, మామూలు డెస్క్‌టాప్‌లో పనిచేయదు. మీకు కావలసింది ‘యూ’. ఇక డీడీఆర్2లో ‘ఏఎండీకి మాత్రమే’ అంటూ చవగ్గా వచ్చే 4 జీబీ ర్యామ్‌లు ఇంటెల్ బోర్డుల మీద పనికిరావు.

ప్రశ్న: 8 జీబీ పెట్టాక కూడా విండోస్‌లో 3.25 జీబీ మాత్రమే వాడుకోగలం అని చూపిస్తోంది.

జవాబు: మీది 32 బిట్ విండోస్ అయి ఉంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో చూడండి. దానికి 4 జీబీయే హద్దు, అందులోనూ కొంత అడ్రస్ జాగా గ్రాఫిక్స్, ఇతర పరికరాలకు పోతుంది. డేటా కాపీ చేసుకుని 64 బిట్ విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి, పైనుంచి అప్‌గ్రేడ్ కుదరదు. ఇప్పటికే 64 బిట్ ఉంటే బయాస్‌లో మెమరీ రీమ్యాప్ (పరికరాల వల్ల మరుగునపడిన ర్యామ్‌కి వేరే అడ్రస్‌లు ఇచ్చే సెట్టింగు) ఆన్ చేయండి.

ప్రశ్న: సరైన ర్యామ్ పెట్టినా బీప్‌లు వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: చాలాసార్లు కారణం దుమ్ము, లేదా ర్యామ్ పూర్తిగా కూర్చోకపోవడం. పవర్ కేబుల్ తీసేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి తాకాక ర్యామ్‌ను అంచులు పట్టుకుని తీయండి. పసుపు రంగు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపేయండి. స్లాట్‌లోని దుమ్మును బ్రష్‌తో తీయండి, నోటితో ఊదితే తడి చేరుతుంది. రెండు చివర్లా బొటనవేళ్లతో సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కున వాటంతటవే మూసుకోవాలి. చేత్తో మూయాల్సి వస్తే ర్యామ్ లోపలికి దిగనట్టే.

అప్పటికీ రాకపోతే కేబుల్ పెట్టకుండానే సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి, బయాస్ పాత సెట్టింగులు పోతాయి. తర్వాత ఒక్క ర్యామ్‌నే ఒక్కో స్లాట్‌లో మార్చి చూడండి. ఆన్ అయ్యాక పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను ఒక రాత్రంతా నడపండి. తప్పును చూపే ఎర్రటి లైను ఒక్కటి కనిపించినా ర్యామ్‌లను విడివిడిగా మళ్లీ పరీక్షించి, తప్పు చూపినదాన్ని వారంటీ ఉండగానే మార్పించుకోండి.