తోకచుక్కకి మూడు రాత్రులు

చిరంజీవి చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

2027లో ఎంకే తోకచుక్కని చూసి తీరాలని పట్టుబట్టావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. టెలిస్కోప్ కొనమని పోరు పెడుతున్నావట కూడా. దాని సంగతి తర్వాత చూద్దాం, ముందు పెన్సిలు చెక్కుకో. ఎందుకంటావా?

ఈ చుక్కని 1786 జనవరి 17న పారిస్‌లో పియెర్ మెషెన్ మొదట చూశాడు. 19న ఇంకోసారి కనబడింది, ఆపైన దొరకలేదు. కక్ష్య లెక్క కట్టాలంటే కనీసం మూడు రాత్రుల స్థానాలు కావాలి. చేతిలో ఉన్నవి రెండే. అలా చేజారిపోయింది. 1795లో ఇంగ్లండ్‌లో కరోలిన్ హెర్షెల్ కంటబడింది, 1805లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో జాన్ లూయీ పోన్స్ కంటబడింది. ఎవరికి వారు కొత్తదే అనుకున్నారు. విచిత్రమేమిటంటే, 1818 నవంబర్ 26న అదే పోన్స్ దాన్ని మళ్ళీ కనిపెట్టాడు, పదమూడేళ్ళ కిందట తను చూసిందే అని తెలియకుండా! ఆయన అబ్జర్వేటరీలో కాపలాదారుగా చేరినవాడు. జీవితంలో ముప్ఫైకి పైగా తోకచుక్కలు పట్టాడు. నాకు ఈ కథలో, చుక్కకి పేరిచ్చిన ఎంకే కన్నా ఆయనే ఎక్కువ ఇష్టం.

ఈసారి మాత్రం దాదాపు ఏడు వారాలు వెంటపడి రాసుకున్నారు. ఆ స్థానాలు పట్టుకుని జర్మనీలో యోహాన్ ఎంకే లెక్కకి కూర్చుంటే, చుట్టు తిరిగి రావడానికి మూడేళ్ళ మూడున్నర నెలలే పడుతోందని తేలింది. హేలీ తోకచుక్కకి 76 ఏళ్ళు పడితే దీనికి ఇంతేనా అని అందరూ నోరెళ్ళబెట్టారు. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే 1805, 1795, 1786 మూడూ అతికాయి. 1822లో వస్తుందన్నాడు, వచ్చింది. ఐరోపా నుంచి చూసే వీలు లేకపోతే, ఆస్ట్రేలియాలోని పరమట్టాలో రుంకర్ జూన్ 2న పట్టుకున్నాడు. లోకం ఎంకే పేరు పెట్టింది గానీ ఆయన మాత్రం దాన్ని పోన్స్ తోకచుక్క అనే రాసేవాడు.

అందుకే నీ పుస్తకంలో తేదీ, నిమిషాలతో సహా టైము రాయి. నిమిషాలెందుకని విసుక్కోకు. గ్రహాల ఆకర్షణ లెక్కలోంచి తీసేసినా ప్రతి చుట్టూ ముందటి చుట్టుకన్నా సుమారు రెండున్నర గంటలు తగ్గుతోందని ఎంకే గమనించాడు. ఆకాశంలో ఏదో పదార్థం అడ్డుపడుతోందేమో అనుకున్నాడు, అది నిలవలేదు. తోకచుక్క అంటే మురికి మంచుగడ్డ, ఎండకి ఆవిరి ఒక పక్కకి చిమ్మి దాన్ని నెడుతోంది అని 1950లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపుల్ చెప్పాడు. టైము రాసిపెట్టినవాళ్ళు లేకపోతే ఆ రెండున్నర గంటల తేడా ఎవరికీ కనబడేది కాదు.

ఇక నా పరువు పోయిన కథ. 1994 జనవరి మొదట్లో ఊళ్ళో డాబా ఎక్కి, అరువు తెచ్చిన బైనాక్యులర్స్‌తో పెగాసస్ మండలంలో ఓ మసక మచ్చ చూశాను. వేలితో విభూతి రాసినట్టు ఉంది. చుట్టూ ఉన్న చుక్కలతో సహా బొమ్మ గీసి, ఇంటిల్లిపాదినీ లేపి చూపించాను. మర్నాడు చూస్తే అంగుళం కదల్లేదు. మూడోనాడూ అక్కడే! తోకచుక్కయితే చుక్కల మధ్య రోజూ జరగాలి కదా. అది, తోకచుక్కలని భ్రమపడే మచ్చలకి మెస్యే రాసిన జాబితాలో పదిహేనోది, వేల నక్షత్రాల గుత్తి. 1746లో మరాల్డీ అనే ఖగోళ శాస్త్రవేత్తకి కూడా అది ఇంకేదో తోకచుక్కని వెతుకుతుంటేనే తగిలిందట. కాస్త ఊరట. అసలుది నెలాఖరుకి, పడమట బాగా కిందికి దిగాక దొరికింది.

నీకు సంక్రాంతి రోజుల్లో వెన్నెల అడ్డం. జనవరి 24 నుంచి ఫిబ్రవరి 6 అమావాస్య దాకా సాయంకాలాలు చీకటిగా ఉంటాయి. పడమర చెట్లూ వీధిలైట్లూ లేని చోటు చూసుకో. పొద్దుగూకగానే డాబా మీదుండు, ఆలస్యమైతే దిగిపోతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టు, ఫోన్ జేబులోంచి తీయకు. మచ్చ తగిలితే సూటిగా గుచ్చి చూడకు, ఓరకంట చూడు, అప్పుడే తేలుతుంది. పెద్ద తోక ఉంటుందని ఆశ పెట్టుకోకు.

అన్నట్టు, 1994 నుంచి 2027కి సరిగ్గా పది చుట్లు. అందుకే అదే నెలలో, అదే పడమర వైపుకి వస్తోంది. నా అప్పటి పుస్తకం కొరియర్‌లో పంపుతున్నాను, సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ తప్పు బొమ్మ పేజీ మాత్రం చింపకు.

మీ పెదనాన్న